ఇంకా దూరం ఉంది, నొందాబా

మాషేజీకి సర్కారు ఇల్లు వచ్చిన నాలుగో నెలలో, ఒక తెల్లవారుజామున నా ట్యాక్సీ వ్యాను ముందు సీట్లో కూర్చుని, "నా ఇంట్లోకి అద్దెకొచ్చేవాళ్ళు ఎవరన్నా ఉంటే చూడు డుమీ" అంది. నాకు ఒళ్ళు మండింది. మా సర్కారు కాలనీ ఫేజ్ త్రీలో అప్పటికే పదిళ్ళకి ఒకటి అద్దెకు పోయింది, ఇంకొకటి అమ్ముడుపోయింది. ఎనిమిదేళ్ళ దాకా అమ్మకూడదని ఒప్పుకుని కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళే చాటుగా అమ్మేశారు. ఒకడైతే తల్లి దినానికి ఎద్దును కోయాలని, ఆ ఎద్దుకు సరిపడా డబ్బుకే ఇల్లు ఇచ్చేశాడు.

"పద్దెనిమిదేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసి, ఇప్పుడు ఎవడి చేతిలోనో తాళంచెవి పెడతావా? ఆఫీసు వాళ్ళకి తెలిస్తే లాగేసుకుంటారు. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవకు" అన్నాను.

ఆమె అద్దం మీద పట్టిన మంచును శాలువా అంచుతో తుడిచి బయటికి చూసింది. బయట చూడ్డానికేమీ లేదు. చెరకు తోటల మీద పొగమంచు తెల్లగా నిలబడి ఉంది.

"నేనక్కడ నిద్రపోలేకపోతున్నాను నాయనా. మీ పెద్దాయన ఆ ఇంట్లో లేడు" అంది.

మీ పెద్దాయన అంటే ఆమె భర్త ఎల్ఫాస్ జోండీ. మాలో పెళ్ళయిన ఆడమనిషిని పుట్టింటి వంశం పేరుతోనే పిలుస్తారు, మాషేజీ అన్నది అలాంటి పేరే. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. అయినా ఆ మాటకి వెనక సీట్లో ఎవరూ నవ్వలేదు. మావాళ్ళలో పోయినవాళ్ళు ఎక్కడికీ పోరు. ఇంటి వెనక గోడ వార కూర్చుని ఇంట్లోవాళ్ళని కనిపెట్టుకుని ఉంటారు. ఉన్నారంటే ధైర్యం, లేరంటేనే భయపడాలి.

మేమంతా ముందు పొగదిబ్బ మీద ఉండేవాళ్ళం. డర్బన్ పెద్ద మార్కెట్‌కి నడిచిపోయేంత దూరంలో, రైలు పట్టాలకు పైన, వాలు మీద నాలుగొందల రేకుల గుడిసెలు. మాషేజీ మార్కెట్ దగ్గర నూనె డ్రముల్లో మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టి అమ్మేది. మూడింటికి లేచి నాలుగింటికి మంట వేస్తే, ఆరింటికల్లా పనులకు పోయే జనం పొగలు కక్కే పొత్తును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ పరిగెత్తేవాళ్ళు. ఎనిమిదింటికి డ్రములు ఖాళీ. ఎల్ఫాస్ జోండీ ఒకప్పుడు రేవులో బస్తాలు మోసేవాడు. నడుము పడిపోయాక గుడిసె ముందు కూర్చుని పాత బూట్లు కుట్టేవాడు. తొంభై ఆరులో ఇళ్ళ జాబితాలో పేరు రాయించుకున్నాడు. వాళ్ళిచ్చిన రసీదును ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులోనే ఉంచుకునేవాడు. ఏటా ఒకసారి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకెళ్ళి అడిగేవాడు. వస్తుంది అనేవాళ్ళు. వచ్చి బూట్లు కుట్టుకునేవాడు. నేనైతే ఆ ఆఫీసు బల్ల విరగ్గొట్టి వచ్చేవాణ్ణి. ఆయనకి కోపం రావడం నేను చూడలేదు.

ఆయన పోయింది ఆసుపత్రిలో. పోయిన మనిషి పోయిన చోటనే తచ్చాడుతూ ఉండిపోకుండా, ఎవరో ఒకరు వెళ్ళి ఇంటికి పిలుచుకురావాలి. దానికి మాకు ఒక రేగు చెట్టు ఉంది. దాని కొమ్మకి జంటగా ముళ్ళుంటాయి. ఒకటి నిటారుగా ముందుకి చూస్తుంది, ఇంకొకటి వంకీ తిరిగి వెనక్కి చూస్తుంది. ఆ కొమ్మను పట్టుకున్న మనిషి దారిలో బతికున్నవాళ్ళతో ఒక్క మాటా ఆడకూడదు. వెంట వస్తున్నవాళ్ళతోనే మాట్లాడాలి. వంతెన వస్తే వంతెనని, మలుపొస్తే మలుపని చెబుతూ ఉండాలి, లేకపోతే ఆ మనిషి అక్కడే ఆగిపోతాడు. బండెక్కితే ఆయనకూ సీటు, ఆయనకూ చార్జీ. మాషేజీ అలాగే, మరిది చేత కొమ్మ పట్టించి, ఆసుపత్రి మంచం దగ్గర్నుంచి ఆయన్ని పొగదిబ్బ మీది గుడిసెకు తెచ్చుకుంది. తెచ్చుకుని మూడేళ్ళు హాయిగా కాపురం చేసింది. ఆ మాట ఆమే అనేది.

తర్వాత ఇల్లొచ్చింది. కార్డు మీద పేరు "జోండీ, ఎల్ఫాస్" అని. కింద చిన్న అక్షరాల్లో భార్య వేలిముద్ర.

ఇల్లు మారేటప్పుడు ముందురోజే జొన్నబీరు కాచి, వెనక గోడ దగ్గర పెట్టి, రేపు ఫలానా చోటికి పోతున్నాం, లేచి మాతో రా అని చెప్పాలి. ఇది మాలో పసిపిల్లలకి కూడా తెలుసు. మాషేజీ మూడు రోజుల ముందే బీరు కాచింది. కానీ మున్సిపాలిటీ లారీ ఒకరోజు ముందే వచ్చి కూర్చుంది. గుడిసె నేలమట్టమైతేనే తాళంచెవి, లేకపోతే అందులో ఇంకొకరు దూరతారట. పనివాళ్ళు పైకెక్కి రేకులు ఊడదీస్తున్నారు. లారీవాడు మంచం ఎక్కించాడు, పెట్టె ఎక్కించాడు, డ్రముల దగ్గరికొచ్చేసరికి ఆగాడు. మసి డ్రములు ఎక్కించనన్నాడు. మాషేజీ తిట్టింది, బతిమాలింది, మళ్ళీ తిట్టింది. వాడు లొంగలేదు. చివరికి లోపలికెళ్ళి బీరు కుండ తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడూ వాడి మనుషులూ కడుపారా తాగి, పాటలు పాడుకుంటూ డ్రములు ఎక్కించారు.

ఫేజ్ త్రీ చేరి తాళంచెవి చేతిలో పడ్డాక ఆమెకి గుర్తొచ్చింది. ఎవరి కోసం కాచిన బీరు ఎవరు తాగారో. చెప్పాల్సిన మాట చెప్పనేలేదు, చెప్పడానికిప్పుడు గోడా లేదు.

ఆ సంగతి నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. రోజూ మొదటి బండి నాదే కాబట్టి, రోజూ ముందు సీటు ఆమెదే కాబట్టి, తెల్లవారేలోపు ఆమె కలలన్నీ నాకే చెప్పేది. ఒక కలలో ఆయన వానలో నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడట, రేకులేవి అన్నట్టు. ఇంకో కలలో దిబ్బ మీద ఇంటింటికీ పోయి, లేని తలుపులు తడుతున్నాడట. ఒకసారి ఆయన ఫేజ్ త్రీ దాకా నడిచొచ్చాడు, కానీ ఏ ఇల్లో తెలీక వరసల మధ్య తిరిగి తిరిగి, చెరకులో కలిసిపోయాడు. నేను లైట్లు వేసుకుని మంచులోకి నడుపుతూ వినేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఒకటి రెండుసార్లు రోడ్డు పక్కన ఆయన్ని నేనూ చూశాను. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. దగ్గరికొస్తే మైలురాయి.

ఫేజ్ త్రీని నేను తిట్టను. పొగదిబ్బ మీద ఏటా ఒకసారైనా మంటలు లేచేవి, ఒక గుడిసె అంటుకుంటే నలభై పోయేవి. ఇక్కడ అది లేదు. స్విచ్చి వేస్తే దీపం, లోపలే కుళాయి, లోపలే మరుగుదొడ్డి. నా చిన్నదాని దగ్గు రెండు నెలల్లో తగ్గింది. దానికి దండం పెడతాను. కానీ ఊరికి ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల అవతల పారేసి బతకమంటే ఎలా? నా మొదటి బండి మార్కెట్ చేరేసరికి అయిదుంపావు. అప్పటికి పక్క డ్రములవాళ్ళు సగం అమ్మేసుకుని ఉంటారు. మిగిలినదాంట్లో సగం రానూపోనూ నాకే ఇస్తుంది, నేను తీసుకెళ్ళి ఓనరుకిస్తాను. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. పైగా ఇళ్ళు చీటీలు తీసి ఇచ్చారు. పొగదిబ్బ జనమంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయాం. దిబ్బ మీద మాషేజీ ఎదురింట్లో ఉండే మాన్గిడికి జాబితాలో పేరే లేదు, ఎవరిదో పెరట్లో గది తీసుకుంది. కింద కుళాయి దగ్గరుండే మాడూబేకి ఏదో కాగితం తక్కువైందని రేకుల శిబిరంలో పెట్టారు, తాత్కాలికం అన్నారు, ఇప్పటికీ అక్కడే. నేనొక్కణ్ణే మాషేజీకి పక్కింటివాణ్ణయ్యాను, అదీ చీటీ పుణ్యమే.

"అద్దెకిచ్చి ఎక్కడుంటావ్?" అని ఆ రోజు అడిగాను.

"మార్కెట్ వెనక పెరటి గదులున్నాయి. అక్కడైతే మూడింటికి లేవొచ్చు. ఆయన లేని ఇంట్లో నాకేం పని?"

"ఆయన్ని తెచ్చుకో. తెచ్చుకుంటే ఉంటావా?"

టోల్ గేటు దాటాక, "తెచ్చుకుంటే అద్దెకివ్వను" అంది. నేను దాన్నే పట్టుకున్నాను. ఆమె ఇల్లు నిలబెట్టాలని నాకు పట్టుదల. ఎందుకంటే ఆ వరసలో ఇంకో ఇల్లు చేతులు మారితే, మాకు ఇళ్ళు దక్కినట్టే కాదని నాకు అనిపించేది.

మగదిక్కు చేయాల్సిన పని. ఆమెకి పిల్లల్లేరు. ఊళ్ళో ఉన్న మరిది మంచంలో పడి ఉన్నాడు. ఫోన్ చేస్తే, "వదినా, నువ్వే పో. మా అన్న నా మాటకంటే నీ మాటే వినేవాడు" అన్నాడు. అలా ఒక ఆదివారం మధ్యాహ్నం, మాన్గిడినీ మాడూబేనీ దారిలో ఎక్కించుకుని పొగదిబ్బకి పోయాం.

దిబ్బ లేదు. వాలు మొత్తం చదును చేసి, చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టారు. రాబోయే ఫ్లాట్ల బొమ్మ, కింద ధర అంకెల్లో. ఆ అంకెను మేమెవరమూ గట్టిగా చదవలేదు. జనవరి వానలకి గడ్డి నడుము దాకా పెరిగింది, గాలికి ఒకేసారి ఒక పక్కకి ఒరుగుతోంది. నాలుగొందల ఇళ్ళు ఉన్న జాడ లేదు. కాపలావాడు అడ్డం రాబోయి, మాషేజీ చేతిలో రేగు కొమ్మ చూసి, ఏమీ అనకుండా కంచె తీగ పైకెత్తి పట్టుకున్నాడు.

లోపలికెళ్ళాం కానీ ఎక్కడని వెతుకుతాం? వెనక గోడ ఉన్న చోటే పిలవాలి. పక్కింటి చోట పిలిస్తే పక్కింటివాళ్ళ పెద్దలు లేచి వస్తారు. మాషేజీ అటు నాలుగడుగులు వేసి ఆగింది, ఇటు నాలుగడుగులు వేసి ఆగింది.

మాడూబే తక్కువ మనిషి కాదు. కాళ్ళతో గడ్డి తొక్కుకుంటూ కిందికి పోయి, "ఇదిగో" అని కేక వేసింది. కుళాయి మొండెం, దాని చుట్టూ పగిలిన సిమెంటు గచ్చు. "నా తలుపు దీనికి అయిదడుగులు. నా కాళ్ళకి తెలుసు" అంటూ అయిదడుగులు వేసి నిలబడింది. అక్కణ్ణుంచి మాన్గిడి లెక్కపెట్టుకుంటూ ఎక్కి, కొంచెం అటూ ఇటూ జరిగి, "నాది ఇక్కడే. రైలు వంతెన రెండో కమాను నా తలుపులోంచి కనబడేది" అని నిలబడింది. నా గుడిసె అందరికంటే పైన. ఇద్దర్నీ చూసుకుంటూ నేనూ వెళ్ళి, నా గడప ఉండాల్సిన చోట నిలబడ్డాను. పచ్చటి గడ్డిలో ముగ్గురం, ఎవరి తలుపు దగ్గర వాళ్ళం. నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మాషేజీ కళ్ళు మూసుకుంది. "మాట్లాడండి. ఎప్పుడూ మాట్లాడేవి మాట్లాడండి" అంది.

"ఏం వండావే మాషేజీ?" అని మాన్గిడి అరిచింది.

"చిక్కుడు గింజలు. ఉప్పు లేదు, నీ దగ్గరుందా?"

"మొన్న తీసుకున్నదే ఇవ్వలేదు, మళ్ళీనా? మీ ఆయన బూట్లు అమ్మి ఉప్పు కొనమను."

"నీళ్ళొచ్చాయర్రా" అని కింద నుంచి మాడూబే. "బకెట్లు తెచ్చుకోండి. తర్వాత నన్ను ఏడిపించొద్దు, ముందే చెబుతున్నా."

మాషేజీ కళ్ళు మూసుకునే రెండడుగులు పైకి వేసింది. "నీ గొంతు ఇంత దగ్గర కాదే మాన్గిడీ. నీ తిట్లు నాకు సగమే వినబడేవి" అంది. మాన్గిడి మళ్ళీ తిట్టింది. ఈసారి గాలికి సగం కొట్టుకుపోయింది. మాషేజీ తలూపింది. "డుమీ, నువ్వు పొద్దున్నే ఈల వేసుకుంటూ దిగేవాడివి కదా, వెయ్యి."

నేను వేస్తే మొదట ఉత్త గాలే పోయింది. రెండోసారికి వచ్చింది. ఆమె ఎడంపక్కకి ఒక అడుగు, వెనక్కి అరడుగు వేసింది. ఇంకోసారి వెయ్యమంది. మూడు గొంతులూ మూడు వైపుల నుంచి ఆమె దగ్గర కలుసుకుంటున్నాయి. ఆమె ఆ గడ్డిలో నిలబడి వింటూ ఉంటే, ఒక్క క్షణం నాకు రేకులు కనిపించాయి, కట్టెల పొగ వాసన వచ్చింది, ఆమె వెనక ఒక మనిషి వంగి బూటు కుడుతున్నాడు. కళ్ళు నులుముకోలేదు నేను. నులుముకుంటే పోతుందని తెలుసు.

"ఇక్కడే" అంది మాషేజీ, మోకాళ్ళ మీద కూర్చుంటూ.

ఆమె ఆయనతో ఏం చెప్పిందో మొదట వినబడలేదు. తర్వాత గొంతు లేచింది. నొందాబా అని పిలుస్తోంది. అది జోండీల వంశం పేరు. "నొందాబా, నీ కోసం కాచిన బీరు మసి డ్రముల కోసం పోశాను. నిన్ను మరిచిపోయి కాదు. నాకు ఆకలంటే భయం. నువ్వు వానలో ఉన్నావని తెలిసి కూడా నాలుగు నెలలు రాలేదు, ఏ మొహం పెట్టుకుని రాను? ఇల్లొచ్చింది. నీ పేరు మీదే వచ్చింది. లేచి రా, పోదాం." కొమ్మను ఆ నేల మీద ఈడ్చి, ఛాతీకి హత్తుకుని లేచింది. అక్కణ్ణుంచి ఆమె మాతో మాట్లాడలేదు. మాన్గిడి, మాడూబే కొత్తగా బిడియపడి, పక్కకి తప్పుకుని దారిచ్చారు. పెద్దాయన బతికున్నప్పుడు వాళ్ళిద్దరూ ఆయనకి అంత మర్యాద ఇచ్చింది నేను చూడలేదు.

నేను డ్రైవర్ని, బండి ఓనరు వేరే. ఖాళీగా తిప్పితే ఊరుకోడు. స్టాండులో మిగతా సీట్లు నింపుకునే బయల్దేరాను. మాషేజీ రెండో వరసలో కిటికీ పక్కన, పక్క సీటు ఖాళీ. ఆమె ఇద్దరి చార్జీ ముందుకి పంపింది. చివర్లో ఎక్కిన ఒక చర్చి అమ్మ, మనిషి భారీ, ఎండకి ఆయాసపడుతూ ఆ సీటు మీద కన్నేసింది.

"ఇదెవరిది?"

"జోండీ గారిది" అన్నాను.

"ఏడీ మరి?"

"కూర్చున్నారుగా అమ్మా."

ఆమె కొమ్మను చూసింది, మాషేజీని చూసింది. "మా చర్చిలో ఇవన్నీ ఒప్పుకోరు" అంటూనే ఖాళీ సీటుకి తల వంచి, "ఏమనుకోకండి పెద్దాయనా, కాలు తగిలిందేమో" అని ఒదిగి వెనక్కి పోయింది.

బండి కదిలింది. మాషేజీ నెమ్మదిగా చెబుతూ ఉంది. "ఇది మన మార్కెట్ నొందాబా, నీకు తెలిసిందే. ఇది రేవు రోడ్డు. నువ్వు పనిచేసిన గోడౌను, ఇప్పుడు మూసేశారు. వంతెన వస్తోంది, కింద నీళ్ళు, భయపడకు." నేను పాటలు కట్టేశాను. "ఇది టోల్ గేటు. ఇక్కడికి పద్దెనిమిది కిలోమీటర్లట. ఇంకా దూరం ఉంది నొందాబా. ఇది చెరకు. ఇదీ చెరకే. ఇక్కడ మనకి తెలిసినవాళ్ళెవరూ లేరు. మలుపు. ఇంకో మలుపు. పడుకోకు, ఇంకా ఉంది." పొద్దు వాలి చెరకు ఆకుల మీద వెలుగు పచ్చగా, ఏటవాలుగా పడుతోంది. అద్దంలో ఆమె ముఖం చూశాను. రోజూ రెండుసార్లు పోయే దారే. కానీ ఇంకొకరికి అడుగడుగునా చెప్పాల్సి వచ్చేసరికి, అదెంత దూరమో ఆ రోజే ఆమెకి తెలిసినట్టుంది. చివరి పది కిలోమీటర్లు ఒకే మాట అంటూ వచ్చింది, ఇంకా దూరం ఉంది, ఇంకా దూరం ఉంది అని. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. చర్చి అమ్మే అనుకుంటాను.

ఇల్లు చేరాక ఒక చిక్కొచ్చింది. పెద్దల్ని వెనక గోడ వార కూర్చోబెట్టాలి. సర్కారు ఇళ్ళన్నీ ఒకే నక్షా, వెనక గోడ వార దొడ్డి ఉంది. మాషేజీ కొమ్మ పట్టుకుని ఇంట్లో రెండు చుట్లు తిరిగింది, నన్నేమీ అడగడానికి లేదు. చివరికి పడకగదిలో, దొడ్డి గోడకి ఇవతల మూల నేల తుడిచి, అక్కడ ఉంచింది. "నక్షా గీసినవాడికి పెద్దలున్నట్టు లేరు, సర్దుకో" అని ఆయనకి చెప్పింది. తర్వాత ఇల్లంతా చూపించింది. కిటికీ తెరిచి చూపింది, మూసి చూపింది. దీపం వేసింది, ఆర్పింది, వేసింది. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు ఆయన బాగా వినేదాకా ఆగింది. కొత్తగా కాచిన బీరు కుండను మూలన పెట్టి, పక్కనే తనూ నేల మీద పడుకుంది. నేను తలుపు దగ్గరగా వేసి ఇంటికి పోయాను. ఆ రాత్రి ఆమె నిద్రపోయిందట. నాలుగు నెలల్లో మొదటిసారి, ఒక్క కల కూడా రాకుండా.

నేను గెలిచాననుకున్నాను. మా ఆవిడతో చెప్పాను కూడా, ఆ ఇల్లు ఇక కదలదని.

బుధవారం తెల్లవారుజామున బండి తియ్యబోతే మాషేజీ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంటి దగ్గర మిగిలిన డ్రములు, మంచం చాప, దుప్పటి మూట పక్కన పెట్టుకుని ఉంది. పైకెక్కించమంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"తెచ్చుకుంటే అద్దెకివ్వనన్నావు."

"ఇవ్వడం లేదు. ఇల్లు ఆయనది. ఆయనుంటాడు."

"మరి నువ్వు?"

"నేను అద్దెకుంటాను. మార్కెట్ వెనక గది చూసుకున్నాను. శనివారం సాయంత్రం వస్తాను, సోమవారం పొద్దున పోతాను." నా మొహం చూసి, కొంచెం మెత్తగా అంది, "నన్ను కోప్పడకు నాయనా. ఆ రోజు బండిలో దారంతా ఆయనకి చెబుతూ వచ్చాను కదా. ఆయన ఒక్కసారి వచ్చాడు, అలిసిపోయాడు. నేను రోజూ రెండుసార్లు ఎలా వస్తాననుకున్నావు? కిందటిసారి చెప్పకుండా వచ్చేశాను. ఈసారి అన్నీ చెప్పాను. సరే పో అన్నాడు."

డ్రములు నేనే ఎక్కించాను. మసి చొక్కాకంటింది. ఆమె తలుపు తాళం వేసి, తాళం వేశాక చెయ్యి తలుపు మీదే ఉంచి కాసేపు నిలబడింది. పెళ్ళయిన కొత్తలో రేవులో రాత్రి పనికి పోతూ ఆయన అలాగే నిలబడేవాడట, ఆ మాట దారిలో చెప్పింది.

నెల తర్వాత ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది, చేతిలో చిన్న కంప్యూటరు. ఎవరింట్లో ఎవరుంటున్నారో రాసుకుంటోంది. నేను బండి కడుగుతున్నాను.

"జోండీ, ఎల్ఫాస్. ఈయన ఇక్కడే ఉంటున్నారా బాబాయ్?"

"ఉంటున్నారమ్మా."

"అద్దెకెవరికీ ఇవ్వలేదు కదా?"

"లేదు. ఆయనే ఉంటున్నారు."

"పిలుస్తారా ఒకసారి?"

"బయటికి రారు."

ఆమె కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. ఎర్రగా మెరుస్తున్న గచ్చు, మూలన కుండ, ఎండిన కొమ్మ, ఎదురుగా ఒక కుర్చీ. ఆమె కూడా ఎవరో ఒకరి ఇంటి పిల్లే కదా. కంప్యూటరు ఛాతీకి ఆనించుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆవిడ?"

"శనివారం వస్తుంది."

ఉంటున్నారు అన్న చోట గీత పెట్టుకుని, గేటు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయింది.

శనివారం మాషేజీ వచ్చాక ఇదంతా చెప్పాను. ముందు నవ్వింది. సంచీలోంచి నా పిల్లల కోసం తెచ్చిన పొత్తులు తీసి గోడ మీద పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి. తర్వాత తన ఇంటి వైపు చూస్తూ, "ఆయనకి ఇల్లొచ్చింది డుమీ. పద్దెనిమిదేళ్ళకైనా వచ్చింది. ఆ పిల్ల మళ్ళీ వస్తే అడుగు, మార్కెట్ దగ్గర ఇళ్ళకి జాబితా ఏదన్నా ఉందేమో. ఉంటే నా పేరు రాయించు" అంది.

ఒక కుటుంబానికి ఒక ఇల్లు, జీవితంలో ఒక్కసారే. ఆ నిబంధన నాకు తెలుసు. కాగితం మీద వేలిముద్ర వేసిన మనిషి, ఆమెకీ తెలుసు.

"రాయిస్తాను. పేరేమని చెప్పమంటావ్?" అన్నాను.

యాభై ఏళ్ళుగా ఎవరూ పిలవని తన సొంత పేరును, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఆమె నాకు చెప్పింది.